ముల్లు మీద వేలు

పోయిన నెల మా ఆడపడుచుకి పెద్దపేగులో గడ్డ తీశారు. పొట్ట మీద నాలుగు చిల్లులు, గడ్డ బయటికి తీయడానికి బొడ్డు పక్కన ఒక చిన్న కోత, అంతే. మర్నాడే లేచి బాత్‌రూమ్‌కి నడిచింది. ఆ వార్డులో అది ఎవరికీ వింతగా తోచలేదు.

సాయంత్రం నర్సమ్మాయి వచ్చి, "నొప్పి పదికి ఎంతుందండీ?" అని అడిగింది. మా ఆడపడుచు పళ్ళు బిగపట్టి, "పర్లేదమ్మా, ఏం లేదు" అంది. ఆ పిల్ల కాయితం మీద సున్నా చుట్టి వెళ్ళబోయింది.

"ఆగమ్మా, ఆవిడ దుప్పటి ఎలా పట్టుకుందో చూడు. మళ్ళీ అడుగు" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నానేమో, పక్క మంచం వాళ్ళు కూడా తిరిగి చూశారు. మా ఆడపడుచు సిగ్గుపడి చివరికి "ఐదు" అంది. నర్సమ్మాయి వెళ్ళాక, "ఇంత చాదస్తం ఎక్కడ నేర్చావు వదినా?" అని నన్ను దులిపింది.

ఒక తూకాలాయన దగ్గర నేర్చుకున్నాను. ఆయన పేరు రాయను. రాయనా అని అడగడానికి ఇప్పుడు మనిషి లేడు. అడగకుండా ఆయన గురించి ఏదైనా రాయాలంటే నాకు ఇప్పటికీ భయమే.

తొంభైల చివర మేము కృష్ణా జిల్లా నుంచి వచ్చి బహదూర్‌పల్లిలో కొత్తగా వేసిన కాలనీలో ఇల్లు కట్టుకున్నాం. నేను ఊరి పొలిమేరలో ఒక ఆసుపత్రిలో కాయితాల పనికి కుదిరాను. అక్కడి సర్జన్ గారు, మంచి మనిషి, పెద్దపేగు క్యాన్సర్‌కి పొట్టంతా కోయకుండా చిల్లుల్లోంచి కెమెరా గొట్టం దూర్చి ఆపరేషన్ చేస్తే ఎలా ఉంటుందో పరీక్షించి చూస్తున్నారు. నొప్పి తగ్గుతుందని అందరికీ ఆశ. కానీ లోపలి రోగం ఆ చిల్లుల దారినే అంటుకుని అక్కడే మళ్ళీ మొలుస్తుందేమోనని ఒక భయం ఉండేది. ఆ భయం అనుకున్నంత పెద్దది కాదని చాలా ఏళ్ళ తర్వాత తేలింది. తేలబట్టే మా ఆడపడుచు నాలుగో రోజున ఇంటికొచ్చి చారన్నం తింది. తేలేముందు మాత్రం కొందరు తమ పొట్టలు అప్పగించి పడుకోవాల్సి వచ్చింది.

ఒప్పుకున్న రోగుల్లో కొందరికి పాత పద్ధతిలో పొడుగు కోత, కొందరికి చిల్లులు. ఎవరికి ఏది అన్నది సీలు వేసిన కవరులో ఉండేది. దాన్ని ఆపరేషన్ గదిలోనే విప్పేవారు. తర్వాత అందరికీ ఒకేలా, పొట్టంతా కప్పేసే పెద్ద కట్టు. నాలుగు రోజులు దాన్ని విప్పరు. దాని కింద ఏముందో రోగికీ తెలియదు, రోజూ నొప్పి అడిగి రాసుకునే నాకూ తెలియకూడదు. తెలిస్తే మనసు ఎటో ఒకవైపు మొగ్గుతుందని ఆ ఏర్పాటు. నా మనసు ముందే మొగ్గి ఉందని వాళ్ళెవరికీ తెలియదు. మా నాన్నగారికి పొడుగు కోత వేస్తే కుట్లు విడిపోయి, రెండు నెలలు మంచం మీద నానా బాధా పడ్డారు. పొడుగు కోత అంటేనే నాకు కసి.

ఆయన్ని మొదటిసారి చూసింది ఒప్పంద పత్రం చదివి వినిపించే గదిలో. దేవరయాంజాల్ పక్కనే వాళ్ళ ఊరు. మేడ్చల్, శామీర్‌పేట చుట్టూ అప్పటికి ఇంకా ద్రాక్షతోటలు మిగిలి ఉన్న రోజులు. కాపుకొచ్చిన తోటకల్లా తన కాంటా వేసుకుని వెళ్ళి పళ్ళు తూచేవాడు. సన్నగా, పొడుగ్గా, చెవిలో బీడీ ముక్కతో ఉండేవాడు. ఆ బీడీ వెలిగించగా నేనెప్పుడూ చూడలేదు. పక్కన భార్య, ఒళ్ళో గుడ్డసంచి పెట్టుకుని.

సర్జన్ గారు అంతా వివరించి, "ఏది మంచిదో మాకూ ఇంకా తెలియదు పెద్దాయనా, తెలుసుకోవడానికే ఇదంతా" అన్నారు. ఈ మాట దగ్గరే చాలామంది లేచి వెళ్ళిపోయేవారు. తెలియని డాక్టరు దగ్గర ఎవరు పడుకుంటారు? ఈయన మాత్రం కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"తెల్వదని చెప్పే డాక్టర్ను ఇప్పుడే సూస్తున్న సారూ. అందరు అన్ని తెల్సినట్టే మాట్లాడుతరు. గా కవరు ఎవలు ముందుగాల జూడరు గద?"

"చూడరు."

"మీరు గూడ?"

"నేను కూడా."

"అయితే రాయిన్రి."

భార్య మోచేత్తో పొడిచింది. "ఏంది నువ్వు, అంగూర్ బేరం లెక్క? పొట్ట అది."

"పొట్టయితే మాత్రం?" అన్నాడాయన. అని తాపీగా, ఒక్కో అక్షరం దిద్దుతూ సంతకం పెట్టాడు. ఆయనకి అక్షరాల్లో వచ్చింది ఆ సంతకం ఒక్కటే. అంకెలు మాత్రం ఎటు తిప్పి చూపించినా చదివేవాడు. తలకిందులుగా ఉన్నా సరే. ఈ సంగతి నేను ముందే కనిపెట్టి ఉంటే నా బతుకు ఇంకోలా ఉండేది.

మా వార్డులో నొప్పి అడగడం ఎంత కష్టమో చెప్పాలి. సున్నా అంటే నొప్పి లేదు, పది అంటే భరించలేనంత అని గీతలు గీసిన కాయితం చూపించేదాన్ని. ఒకాయన దానికి దండం పెట్టాడు. ఇంకొకావిడ, పదికి పది మార్కులు వస్తే పెద్ద డాక్టరు సంతోషిస్తాడనుకుని రోజూ పది చెప్పేది. మిగిలినవాళ్ళందరిదీ ఒకటే పాట. "మీ దయ మేడమ్, మంచిగనే ఉంది." ప్రాణం పోసిన మనిషికి నొప్పిగా ఉందని ఎలా చెప్తారు? చెబితే ఆపరేషన్ సరిగా చెయ్యలేదన్నట్టు ఉంటుంది కదా. ఆ మర్యాదకి నా కాయితాలన్నీ సున్నాలతో నిండిపోయేవి.

ఈయన అలా కాదు. రెండో రోజు పొద్దున అడిగితే కళ్ళు మూసుకున్నాడు. ఊపిరి పీల్చాడు, వదిలాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను.

"ఆరున్నర" అన్నాడు.

"అరలు లేవు బాబాయిగారూ. ఆరా, ఏడా?"

"బాబాయ్ అంటే?"

"మా వైపు చిన్నాన్నని అలా అంటాం."

"అట్లనా. సిన్నాయిననైతి. మంచిగనే ఉంది." నొప్పిలోనే నవ్వాడు. "ఆరు కాదు బిడ్డా, ఏడు కాదు. ఆరున్నరే. అర లేని కాంటా ఎవలు జేసిండ్రు?"

పక్కన 'అర' అని చిన్నగా రాస్తే తప్ప వదల్లేదు. నొప్పి తగ్గుతూ వస్తుంటే ఐదుంబావు అనేవాడు, మూడుకు కొద్దిగ మొగ్గు అనేవాడు. ఒకటి మాత్రం నోటివెంట రాదు. తూకాలవాళ్ళు లెక్క మొదలుపెట్టేటప్పుడు ఒకటి అనకుండా 'లాభం' అంటారు. మా తాతగారు కూడా వడ్లు కొలిపించేటప్పుడు అలాగే అనేవారు. నొప్పి ఒకటికి దిగిన రోజున ఆయన "లాభం" అంటే నేను, వాళ్ళావిడ ఇద్దరం నవ్వాం.

పేగు మళ్ళీ కదులుతోందా అని తెలుసుకోవడానికి గాలి ఎప్పుడు పోయిందో అడగడం కూడా నా పనే. మొహం చూడకుండా, కాయితం వైపు చూస్తూ అడిగేదాన్ని. రోగులు గోడవైపు తిరిగిపోయేవాళ్ళు. ఈయన వార్డంతా వినబడేలా, "పొద్దుగాల ఆరుగొట్టంగ ఒకపాలి, మల్ల ఛాయ్ తాగినంక రెండుపాల్లు. రాసినవా?" అని అరిచాడు. వాళ్ళావిడ కొంగు మొహం మీదికి లాక్కుని, "నీకు సిగ్గు శరం లేదు" అని తిట్టింది. సిగ్గుపడే సంగతేముందో ఆయనకి నిజంగానే అర్థం కాలేదు.

ఇక నా సంగతి. పెద్ద కట్టు కింద ఏముందో తెలియకూడదు గానీ, రోజూ చూసే కంటికి తెలిసిపోతుంది. ఎవరు తొందరగా లేచి కూర్చుంటున్నారు, దగ్గు వస్తే ఎవరు పొట్ట పట్టుకుంటున్నారు అన్నది చూసి నేను ఊహించుకునేదాన్ని. ఇది చిల్లుల మనిషి అనిపిస్తే వాళ్ళు చెప్పిన అంకెకి ఒకటో రెండో తగ్గించి వేసేదాన్ని. ఇది పొడుగు కోత అనిపిస్తే, "పాపం, మొహమాటానికి సున్నా అంటున్నాడు" అని నాలుగు వేసేదాన్ని. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. సర్జన్ గారి పద్ధతి గెలవాలి, మా నాన్నగారిలా ఇంకెవరూ పడుకోకూడదు. నేను చేస్తున్నది పుణ్యమనే అనుకున్నాను.

కట్టు విప్పితే ఈయనది చిల్లులే. నా ఊహ తప్పలేదని మురిసిపోయాను.

పదిరోజుల తర్వాత ఇంటికి వెళ్ళి చూసి రావాలి. ఆయన అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. వాళ్ళావిడ గ్లాసుడు మజ్జిగ ఇచ్చింది. నేను అట్ట మీద కాయితాలు తిరగేస్తుంటే ఎదురుగా కూర్చున్న ఆయన చూపు వాటి మీద పడింది.

"గవి నా అంకెలేనా?"

"మీవే."

"ఆరున్నర, ఆరు, ఐదుంబావు, ఐదు. నేను చెప్పినవి గివి. అండ్ల ఐదు, నాలుగు, మూడు, మూడు ఉన్నయి."

కాయితం ఆయనకి తలకిందులుగా ఉంది. ఆయన ముందు వార్డులో 'అర' అని రాసిన కాయితం చిత్తు. దాన్ని ఎత్తి రాసేటప్పుడు నేను దిద్దింది ఇది. ఏదో అబద్ధం చెప్పబోయాను. ఆయన వినలేదు. లోపలికి కేకేసి చేతి తక్కెడ తెప్పించాడు. తోటల్లో పని మొదలుపెట్టే ముందు ఖాళీ తక్కెడ ఎత్తి, అటు రైతుకీ ఇటు కొనేవాడికీ ముల్లు నిటారుగా ఉందని చూపించడం ఆయన అలవాటట. నాకూ అలాగే చూపించాడు. తర్వాత చిటికెన వేలు ముల్లుకి ఆనించాడు. వేలు ఆనినట్టు కూడా లేదు. ఒక పళ్ళెం కిందికి దిగింది.

"నేను గూడ ఒకపాలి పెట్టిన" అన్నాడు.

ఒక రైతుకి వడగళ్ళ వానలో సగం తోట పోయింది. మిగిలిన పళ్ళు తూచేటప్పుడు జాలిపడి నాలుగు బుట్టలకి వేలు ఆనించాడు. పట్నంలో వ్యాపారి మళ్ళీ తూచుకుంటే తక్కువ వచ్చింది. అతను ఏమీ అనలేదు. ఆ సీజను నుంచి ఆ ఊరివాళ్ళ ప్రతి బుట్టకీ ఇంతని తరుగు తీయడం మొదలుపెట్టాడు.

"రెండేండ్లు తీసిండు బిడ్డా. ముసలోళ్ళకు, ముండమోసినోళ్ళకు, అందరికి. ఒక్కనికి మేలైతదని నేను పెడితి. ఎవలు మంచోడో ఎవలు దొంగోడో ఇగ ఎట్ల తెలుస్తది?"

"నేను చెడు కోసం చెయ్యలేదు బాబాయిగారూ" అన్నాను.

"చెడ్డకైతే దొరికిపోదువు. మంచికే జేసినవ్, గందుకే ఇన్నొద్దులు దొరకలే." తక్కెడ కింద పెట్టాడు. "నా ఎన్క ఆపరేషన్ బల్ల మీద పండేటోళ్ళు నీ కాయితం జూసి పండుతరు. గది యాదికుందా నీకు?"

లేదు. నిజంగా నాకు అది గుర్తులేదు. నాకు గుర్తున్నది మా నాన్నగారు, సర్జన్ గారు, నేను.

"నెలకు నన్ను జూపిచ్చుకోనీకి రమ్మన్నరు. గప్పటిదాకా టైమిస్త. సారుకు నువ్వు చెప్పు. నువ్వు చెప్పకుంటే నేను చెప్త."

ఆ ఇరవై రోజులూ నేను సరిగా అన్నం తినలేదు. చెబితే ఉద్యోగం పోతుంది. అది పోతే పోయె, సర్జన్ గారు ఏడాదిన్నరగా చేస్తున్న పనంతా నా మూలంగా మట్టి కొట్టుకుపోతుంది. ముసలాయన మరిచిపోతాడులే అనుకున్నాను. ఆయన కాలుజారి మంచాన పడితే బావుండునని కూడా ఒకరోజు అనుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

చెప్పిన రోజున పొద్దున్నే వచ్చి సర్జన్ గారి గది ముందు బెంచీ మీద కూర్చున్నాడు. నన్ను చూసి తలాడించాడు. అటెండరు ఆయన పేరు పిలిస్తే లేవలేదు.

"నేను తర్వాత పోత. ముందుగాల గా మేడమ్ పోవాలె" అని నావైపు వేలు చూపించాడు.

బెంచీల మీద జనమంతా నన్నే చూస్తున్నారు. లోపలికి వెళ్ళాను, చెప్పాను. సర్జన్ గారు అరవలేదు. అరిచినా బావుండేది. చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుని, "ఎవరెవరివి?" అని అడిగారు. గుర్తున్నవి చెప్పాను, గుర్తులేనివి ఉన్నాయని కూడా చెప్పాను. "అయితే నొప్పి లెక్క మొత్తం తీసెయ్యాలమ్మా. ఏది మంచిదో ఏది కాదో ఇప్పుడు ఎలా ఏరతాం?" అన్నారు. ముసలాయన అన్న మాటే ఆయన నోటివెంటా వచ్చింది. నన్ను వెళ్ళగొట్టలేదు గానీ నొప్పి అడిగే పని తీసేశారు. ఏడాదికి రెండుసార్లు పాత రోగుల ఇళ్ళకి వెళ్ళి, రోగం తిరగబెట్టిందా లేదా అని చూసి రాసుకొచ్చే పని ఇచ్చారు.

బయటికొచ్చేసరికి నా కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆయన అడిగింది ఒక్కటే. "తిన్నవా?" అని. ఆసుపత్రి ఎదురుగా బండి దగ్గర ఇడ్లీ తినిపించి, అప్పుడు లోపలికి వెళ్ళి తన పొట్ట చూపించుకున్నాడు.

అలా మూడేళ్ళు ఆయన ఇంటికి వెళ్ళాను. తోటలు ఒక్కొక్కటిగా ప్లాట్లవుతున్నాయి, తూచడానికి పళ్ళు తగ్గాయి. వెళ్ళినప్పుడల్లా చొక్కా ఎత్తి నాలుగు మచ్చలూ చూపించేవాడు. నేను ఒక్కోదాన్నీ వేలితో నొక్కి చూసేదాన్ని. ఏమీ లేదని రాసుకునేదాన్ని. రాసిందల్లా పైకి చదివించేవాడు. ఆయన ముందు చదువుతుంటే నాకు కోపం వచ్చేది, తర్వాత కోపం పోయి అదో ధైర్యంలా ఉండేది. పుట్టింటి వైపు ఎవరూ లేని ఈ ప్రాంతంలో నాకొక చిన్నాన్న ఉన్నాడనిపించేది.

మూడో ఏడు చివర, ఒక ఎండాకాలం మధ్యాహ్నం వెళ్ళాను. నేను అడగకముందే చొక్కా ఎత్తి, కుడివైపు కింది మచ్చ దగ్గర నా చెయ్యి పెట్టించాడు. చర్మం కింద గట్టిగా, కదలకుండా, చింతగింజంత గడ్డ. సరిగ్గా ఆ చిల్లు ఉన్నచోటే.

అందరూ భయపడింది దీని గురించే. ఈ పరీక్ష అంతా దీనికోసమే. మా దగ్గర అప్పటిదాకా ఒక్కరికీ అలా రాలేదు.

"రాయి" అన్నాడు.

పెన్ను తీశాను. 'పొట్టకి కుడివైపు గడ్డ' అని రాశాను. అక్కడ ఆగాను. అది అబద్ధం కాదు. కానీ చిల్లు మాట అందులో లేదు.

లోపల్నుంచి వచ్చిన వాళ్ళావిడ గడప దగ్గరే నిలబడిపోయింది. ఆవిడకి అంతా తెలుసు. "పొక్క కాడ అని రాయకు బిడ్డా" అంది. "గా సారు ఎంత మంచిగ జూసిండు. ఆయనకు చెడ్డపేరొస్తదేమో. పోయెటోడు ఎట్లన్న పోతడు." అని ఏడ్చింది.

ఆయన ఆవిడని కసురుకోలేదు. "మంచోడే. ఆయన సరిగ్గ తెల్సుకోవాలని గద నన్ను పండవెట్టింది" అన్నాడు. నావైపు తిరిగి, "రాసిన కాడికి సదువు" అన్నాడు.

చదివాను. ఆయన నావైపు చూస్తూ కూర్చున్నాడు. మూడేళ్ళలో నేనేం నేర్చుకున్నానో ఆ చూపు ముందు తేలిపోతుంది. మా నాన్నగారు గుర్తొచ్చారు, సర్జన్ గారి కళ్ళజోడు గుర్తొచ్చింది. ఎదురుగా ఈయన. ఈయన చనిపోతాడని నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది, ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే ముందు రాసిన మాట కొట్టేసి, కింద మళ్ళీ రాశాను. 'కుడివైపు కింది చిల్లు మచ్చలోనే గడ్డ. చేత్తో నొక్కి చూశాను.'

"సదువు."

చదివాను.

"ఇంకోపాలి."

మళ్ళీ చదివాను. అప్పుడు చొక్కా దించుకున్నాడు. లేచి చెప్పులు వేసుకున్నాడు.

"నడువు. మూడింటికి బస్సున్నది."

"ఎండగా ఉంది బాబాయిగారూ, మీరెందుకు? కాయితం రేపు పొద్దున ఇచ్చేస్తాను."

"రేపు వద్దు. గిప్పుడే ఇయ్యాలె. తెల్లారెవరకు నీకు సార్ మీద పావురం పుడ్తది." పావురమంటే వాళ్ళ మాటల్లో ప్రేమ.

రోడ్డుదాకా నా పక్కనే నడిచాడు. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, రెండుచోట్ల ఆగి, అయినా నా కంటే ముందే. బస్సు వచ్చింది. నేనెక్కి కిటికీ పక్కన కూర్చుని కాయితాల సంచి ఒళ్ళో పెట్టుకున్నాను. కింద నిలబడి, కండక్టరుతో ఈమెను ఆసుపత్రి దగ్గర దించమని చెప్పాడు. బస్సు కదలడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ ఎండలో అలాగే నిలబడ్డాడు. ముసలాయన బిడ్డను సాగనంపుతున్నాడని బస్సులో వాళ్ళు అనుకుని ఉంటారు. ఆయన తలుపు వైపే చూస్తున్నాడు, నేను దిగిపోతానేమోనని.

నేను దిగలేదు.